గజమస్తకం సొరంగంలో ఎదురునీళ్ళు

పొద్దు బారెడెక్కేసరికి గజమస్తక పర్వతం కింది మైదానంలో కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. ఏడు రేవుపట్టణాల నుంచి ఏడుగురు మహావర్తకులు తమ తమ బిడారులతో దిగారు. ముత్యాల కుచ్చులు వేలాడే పల్లకీలు, నెమలికంఠం రంగు గుడారాలు, మెడలో ఇత్తడి గంటలు కదుపుతూ నెమరువేసే ఒంటెలు, వెండిపొన్ను కర్రలు పట్టుకుని అటూ ఇటూ తిరిగే దుబాసీలు! వెనక వరసలో అద్దకంవాళ్ళ రాగిబానలు, కమ్మరుల కొలిమితిత్తులు, పట్టు నేసేవాళ్ళు విప్పి కట్టలు కట్టిన మగ్గాలు బళ్ళమీద మేడంత ఎత్తున పేర్చి ఉన్నాయి. కంకణదేశం పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి అంత సిరి ఒక్కచోట పోగుపడటం ఎవరూ చూసిందీ లేదు, విన్నదీ లేదు.

ఎలా చూస్తారు? ఆ రోజు దాకా ఆ దేశం గడప తొక్కిన వర్తకుడే లేడు. నాలుగేళ్ళ కిందట శూరభద్ర మహారాజు రేవురేవుకీ రాయబారులను పంపి, "మా దేశానికి దయచేయండి, చోటు ఉచితంగా ఇస్తాం" అని కబురు పెడితే వాళ్ళు మీసాల చాటున నవ్వుకున్నారు.

"చోటు మాకెందుకు మహాప్రభూ? నీళ్ళు లేనిచోట రంగు ఎలా అద్దుతాం, కాలిన ఇనుము ఎందులో ముంచుతాం? రెండు బళ్ళు ఎదురైతే ఒకటి లోయలో పడే కనుమలో సరుకెలా తెస్తాం? దీపం లేని దారిలో ఎవణ్ణి నమ్ముకుని నడుస్తాం?" అని తిరుగు కబురు చేశారు.

మహారాజు అలిగి రెండు రోజులు అన్నం ముట్టలేదట. మూడోరోజు లేచి కనుమను రెండు బళ్ళు పక్కపక్కన పోయేటంత వెడల్పు చేయించాడు. ఉల్కాముఖుడనే మాంత్రికుణ్ణి రప్పించి, మలుపు మలుపునా నూనె అడగని దీపాలు నిలిపించాడు. కొండకింద రత్నాలపేట కట్టించాడు. సూటి వీధులు, చెద పట్టని ఎత్తరుగుల గిడ్డంగులు, కొత్త తలుపులకు కొత్త గడియలు. అన్నీ ఉన్నా ఒక్క కాపురం లేక ఆ ఊరు పెళ్ళివారు రాని పందిరిలా ఉండిపోయింది. ఇక మిగిలింది నీళ్ళు.

నీళ్ళు కొండకు అవతల ఉన్నాయి, సారంగి నదిలో. వాటిని కొండ పొట్టలోంచి ఇవతలికి తెచ్చే పని తొలుపరులు నెత్తికెత్తుకున్నారు. తొలుపరులంటే కొండమీద మెరకసీమలో ఏడూళ్ళలో ఉండే జనం. రాయిని తొలవడం వాళ్ళ కులవిద్య. వాళ్ళ పెద్ద మేస్త్రి పేరు మాచన. నాలుగేళ్ళు రెండువందల ఉలులు కొండను కొరికాయి. కూలి అడగలేదు. ఒకే ఒక్క మాట అడిగారు: వచ్చే నీళ్ళలో సగం రత్నాలపేటకు, సగం సొరంగం మధ్యలో చీలే మెరకపాయలోంచి తమ ఏడూళ్ళకు. ఆ ఒప్పందాన్ని మహారాజు రాతిమీద చెక్కించాడు. దానికి పూచీ నిలబడ్డవాడు యువరాజు హేమకేతుడు.

ఆ పూచీ చాలు మాచనకు. ఎందుకంటే హేమకేతుడు అతనికి యువరాజు కాదు, బొల్లన్న. అయిదేళ్ళ కిందట కూలివాడి వేషంలో, బొల్లన్న అన్న దొంగపేరుతో వచ్చి తొలుపరుల్లో చేరాడు. వాళ్ళ అంబలి తాగాడు, వాళ్ళతో రాళ్ళు మోశాడు. ఒకసారి తవ్వకంలో పైకప్పు కూలి రాళ్ళకింద పడితే మాచన ఉలికూడా పట్టకుండా వట్టి చేతులతో తవ్వి బయటికి లాగాడు. ఆ రోజే అతను తానెవరో చెప్పి, మాచన కాళ్ళకు మొక్కి, అన్నా అని పిలిచాడు. ఆ రోజే మాచన తన జన్మలో చేయకూడని పని చేశాడు. తమ్ముడికి కొట్టుడుమాట నేర్పాడు.

కొట్టుడుమాట తొలుపరుల ప్రాణం. కొండలో గొంతు చేరని చోటికి ఉలిదెబ్బ చేరుతుంది. ఒక దెబ్బ కొడితే ఆగమని. రెండు దెబ్బలు కొడితే క్షేమం, ముందుకు రమ్మని. మూడు కొడితే నీళ్ళు వదలమని. ఆపకుండా కొడితే మనిషి ఇరుక్కున్నాడని. దెబ్బ విన్నవాడు ఎందుకని అడగడు, నిజమేనా అని ఆలోచించడు. ఆలోచించే లోపల మనిషి పోతాడు కనుక తొలుపరుల్లో దెబ్బను శంకించినవాడు పుట్టలేదు, తప్పుడు దెబ్బ కొట్టినవాడూ పుట్టలేదు.

"బయటివాడికి కొట్టుడుమాట చెప్తావా మావా?" అని మాచన భార్య కామసాని ఆనాడే నిలదీసింది.

"బయటివాడెవరే? నా తమ్ముడు" అన్నాడు మాచన. అంతే, ఆ మాట అక్కడితో తెగిపోయింది.

ఇప్పుడు సొరంగంలోంచి నీరు బయటపడే దిగువ మోర దగ్గర తొలుపరులందరూ పెళ్ళాం బిడ్డలతో సహా గుమిగూడారు. ఆ రోజు ఎదురునీళ్ళు. సొరంగం పూర్తయిన రోజు పెద్దమేస్త్రి ఒంటరిగా లోపలికి నడిచి తొలినీటికి ఎదురు వెళ్ళాలి. ఎగువ తూము దగ్గర అతను నమ్మిన మనిషి తూము ఎత్తే చక్రం పట్టుకుని ఉంటాడు. మేస్త్రి మూడు దెబ్బలు కొడితే రెండు వేళ్ళ మందాన నీరు వదులుతాడు. మేస్త్రి ఆ నీటి ముందు నడుస్తూ బయటికి రావాలి. వస్తే వాటం సరిగ్గా ఉన్నట్టు. రాకపోతే పని చెడినట్టు, చేసుకున్న ఒప్పందమూ చెల్లనట్టు. తూము దగ్గర నిలబడటానికి మాచన ఎవరిని కోరుకున్నాడో వేరే చెప్పాలా?

కామసాని మొగుడి తలగుడ్డ సరిచేసింది. పన్నెండేళ్ళుగా రోజుకు రెండు కోసులు నడిచి, కొండచరియలో దొన నుంచి నీళ్ళు మోసి మోసి ఆమె నడినెత్తిన జుట్టు ఊడిపోయింది.

"లోపల బడాయి పోకుండా తొందరగా రా. ఎండ మాడ్చేస్తోంది" అంది.

"రేపట్నుంచి నీకు నెత్తిమీద బరువుండదు. ఖాళీగా నడవడం వచ్చో రాదో చూసుకో" అన్నాడు మాచన.

"వస్తుందిలే, వెళ్ళు" అని నవ్వింది కామసాని.

మాచన కాగడా అందుకుని లోపలికి నడిచాడు. తాను చెక్కిన దారి. ఎక్కడ గోడ గరుగ్గా ఉంటుందో, ఎక్కడ నునుపుగా ఉంటుందో కళ్ళు మూసుకున్నా తెలుసు. మూడో ఊపిరిబావి దాటాడు. ఊపిరిబావులంటే గాలి ఆడటానికి కొండమీంచి సొరంగంలోకి దింపిన నిలువు బావులు. రెండో ఊపిరిబావి దాటాడు. మరో వంద అడుగులు వేసి మెరకపాయ చీలేచోట కాగడా ఎత్తి చూశాడు. చూసి కొయ్యబారిపోయాడు.

పాయ లేదు. పాయ ఉండాల్సిన చోట గోడ ఉంది. నిన్న సాయంత్రం తాను చేత్తో తడిమి చూసి వెళ్ళిన నోరు పూర్తిగా పూడుకుపోయి ఉంది. మాచన బొడ్లోంచి ఉలి తీసి ఒక్క దెబ్బ వేశాడు. పెచ్చు ఎగిరింది. ఎగిరినచోట పుండు మానినట్టు రాయి మళ్ళీ ఊరింది. ఇంకో దెబ్బ, ఇంకో పెచ్చు, మళ్ళీ రాయి. అది మనిషి కట్టిన గోడ కాదు, ఉల్కాముఖుడు మంత్రించిన పెరిగేరాయి.

మాచన వెంటనే సొరంగం గోడమీద ఒక్క దెబ్బ కొట్టాడు. ఆగు అని.

కొండ ఆ చప్పుడును ఎగువకు మోసింది. కాసేపటికి ఎగువ నుంచి జవాబు వచ్చింది. రెండు దెబ్బలు. క్షేమం, ముందుకు రా.

ఇంకెవరైనా అయితే అక్కడే వెనక్కి తిరిగేవాడు. మాచన తిరగలేదు. దెబ్బ విన్నాక తొలుపరి కాళ్ళు ఆగవు. 'తమ్ముడికి గోడ సంగతి తెలుసన్నమాట. ఏదో అవసరం పడి ఉంటుంది. అడిగితే చెప్తాడు' అనుకుంటూ ఎగువకు నడిచాడు. పిచ్చి మాలోకం!

పట్టుమని పది అడుగులు వేయలేదు. ముఖానికి చల్లటి గాలి కొట్టింది. కాగడా టప్పున ఆరిపోయింది. ఆ గాలి ఏమిటో మాచనకు తెలుసు. సొరంగంలో నీరు గాలిని ముందు తోసుకుంటూ వస్తుంది. తాను మూడు దెబ్బలు కొట్టలేదు. నీరు మాత్రం వస్తోంది, అదీ రెండు వేళ్ళ మందం కాదు, నిలువెత్తు.

వెనక్కి తిరిగి పరుగెత్తాడు. నీరు ఏనుగుల మందలా అరుచుకుంటూ వచ్చి నడుముమీద కొట్టింది. తల గోడకు తగిలింది, కళ్ళు బైర్లు కమ్మాయి, నోట్లో ముక్కులో ఇసుకనీళ్ళు నిండాయి. కొట్టుకుపోతూ కొట్టుకుపోతూ చేయి పైకి విసిరితే వేళ్ళకు ఒక మెట్టు తగిలింది. రెండో ఊపిరిబావి! ప్రాణమంతా వేళ్ళలోకి తెచ్చుకుని ఆ చెక్కుడుమెట్టు పట్టుకుని వేలాడాడు. కాలు దొరికింది. మెట్టు మెట్టుగా పైకి పాకాడు.

ముప్ఫై మెట్లెక్కాక తలకు రాయి తగిలింది. ఎప్పుడూ తెరిచి ఉండే బావినోటికి ఎవరో బండ కప్పారు. భుజం పెట్టి తోస్తే కదల్లేదు. కిందకు చూస్తే నీటి రొద అప్పటికే తగ్గుతోంది. తూము మళ్ళీ మూసేశారు. మిట్టమధ్యాహ్నం ముహూర్తానికి వర్తకుల కళ్ళెదుట పూర్తిగా ఎత్తేది ఎలాగూ ఉంది.

ఇంత జరిగినా మాచన మనసు తమ్ముణ్ణి వెనకేసుకొచ్చింది. చక్రం చేయి జారిందేమో అనుకున్నాడు. బండ దగ్గర మెట్టుమీద కాళ్ళు తన్నిపెట్టి, ఉలి మడమతో గోడమీద ఆపకుండా కొట్టడం మొదలుపెట్టాడు. మనిషి ఇరుక్కున్నాడు, మనిషి ఇరుక్కున్నాడు.

దిగువ మోర నుంచి రెండువందల ఉలుల జవాబు కొండంతా మోగింది. వస్తున్నాం. ఆ మోత విని మాచన కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాడు.

అంతలో నెత్తిమీద బండ జరిగింది. వెలుతురు కళ్ళలో పొడిచింది. బావినోట్లోంచి ఒక ఇత్తడి ముసుగు కిందకు వంగింది. ఉల్కాముఖుడి శిష్యుల్లో ఒకడు. వాళ్ళు ముఖానికి ఇత్తడి ముసుగు, ఒంటికి బూడిదరంగు అంగరఖా లేకుండా తిరగరు.

"ఇంకా చావలేదట్రా నువ్వు? ఒక్క ఊపు చాలునన్నాడే యువరాజు" అన్నాడు శిష్యుడు, పొయ్యిమీద పాలు పొంగలేదని విసుక్కున్నట్టు.

ఆ మాట మాచన చెవిలో పడింది గానీ లోపలికి దిగడానికి కొంచెంసేపు పట్టింది. చక్రం చేయి జారలేదు. ఆ రెండు దెబ్బలూ పొరపాటున కొట్టినవి కావు. తడిగుడ్డతో గొంతు కోశాడు తమ్ముడు.

శిష్యుడు చేతిలోని పొడుగు కర్రతో మాచన గుండెల మీద పొడిచి కిందకు తోయబోయాడు. మాచన ఆ కర్రనే ఒడిసిపట్టి ఒక్క గుంజు గుంజాడు. శిష్యుడు బోర్లాపడి బావి అంచుమీద వేలాడాడు. మాచన వాడి మెడమీదుగా పైకి పాకి, రెప్పపాటులో వాణ్ణి బయటికి లాగి, గుండెలమీద మోకాలు పెట్టాడు.

"తూము ఎప్పుడు ఎత్తుతారు?"

"ముహూర్తానికి... నీడ కాళ్ళకిందికి రాగానే... పూర్తిగా" అని శిష్యుడు గుటకలు మింగాడు.

మాచన తన నీడ చూసుకున్నాడు. జానెడు మిగిలింది. అప్పుడు తట్టింది అతనికి. కామసాని, రెండువందల మంది తొలుపరులు, అందరూ తన దెబ్బ విని సొరంగంలోకి దిగారు. బావి గట్టుకు చెవి ఆనించాడు. లోపల నీళ్ళలో పరుగెత్తే కాళ్ళ చప్పుడు, కేకలు. బావి గట్టుమీద ఒక్క దెబ్బ కొట్టాడు, ఆగమని. ఆ గోలలో ఒక్క దెబ్బ ఎవరికి వినపడుతుంది? వినపడినా ఆగరు. మనిషి ఇరుక్కున్నాడని విన్నాక ఆ మనిషిని కళ్ళారా చూసేదాకా తొలుపరి వెనక్కి తిరగడు. ఆ కట్టడి పెట్టిన పెద్దల్లో మాచన తాతకూడా ఒకడు.

శిష్యుణ్ణి వాడి నడికట్టుతోనే కట్టి పొదల్లో పడేసి, వాడి అంగరఖా తొడిగి, ఇత్తడి ముసుగు తగిలించుకుని, మాచన కొండశిఖరం మీదుగా ఎగువ తూము వైపు పరుగు లంకించుకున్నాడు.

తూముగది సారంగి ఒడ్డున నల్లరాతితో కట్టిన చిన్న కోట. చలువరాతి స్తంభాలకు బంతిపూల దండలు చుట్టారు, వాకిట గంధపునీళ్ళు చల్లారు. కింద సారంగి నది ఎండలో తళతళలాడుతూ, తనకేమీ పట్టనట్టు పోతోంది. వాకిట నలుగురు భటులు ఇత్తడి ముసుగును చూడగానే పక్కకు తప్పుకున్నారు. మాంత్రికుడి మనుషుల నీడకూడా మీద పడనివ్వరు వాళ్ళు.

లోపల మనిషంత ఎత్తు కంచుచక్రం. దాని పక్కన పట్టుబట్టల్లో హేమకేతుడు. మూలలో ఉల్కాముఖుడు, ఎండిన జెముడుకాడలాంటి ముసలివాడు, ఒళ్ళో రాగిచెంబు పెట్టుకుని కునుకుతున్నాడు.

"ఏమిటా చప్పుడు? చూసిరమ్మన్నాను కదా" అన్నాడు హేమకేతుడు.

"బండ కదిలింది ప్రభూ. సర్దాను" అన్నాడు మాచన గొంతు మార్చి.

హేమకేతుడు ముసుగు వంక చూడకుండా కిటికీ వైపు తిరిగాడు. "నాకు అబద్ధం చెప్పకు. ఆ దెబ్బ నాకు తెలుసు. బతికే ఉన్నాడు." నదిని చూస్తూనే మళ్ళీ అన్నాడు. "నాకు జ్వరమొస్తే తన వాటా అంబలి నాకు పోసి తాను పస్తున్నాడోయ్ ఆ మనిషి. ఒక్క ఊపులో పోతాడనుకున్నాను. ఇప్పుడు ముహూర్తం దాకా అతని దెబ్బలు వింటూ కూచోమంటే నావల్ల కావడం లేదు."

ఏడవాలో, ఆ మెడ పట్టుకోవాలో మాచనకు తెలియలేదు. చక్రం ఇరుసులో ఇనుప చీల ఉంటుంది. అది లాగేస్తే తూము ఆ రోజుకు లేవదు. ఇంకా మూడడుగులే. నడిచాడు, చేయి చాచాడు, అలవాటు కొద్దీ చీలమీద వేలితో టకటకమని రెండుసార్లు తట్టాడు.

హేమకేతుడు వెనక్కి తిరగకుండానే అన్నాడు. "ముసుగు తీయన్నా. ఇనుమును పలకరించకుండా ముట్టుకోవడం నీకు ఈ జన్మలో రాదు."

మాచన ముసుగు లాగి నేలకు కొట్టి చీల పట్టుకున్నాడు. పట్టుకున్నాడేగానీ లాగలేకపోయాడు. మూలనుంచి ఉల్కాముఖుడు కళ్ళు తెరవకుండానే చెంబులోంచి ఒక్క చుక్క నేలమీద చిలకరించాడు. ఆ చుక్క పడ్డచోటి నుంచి నేలరాయి బుసబుసా పొంగి, మాచన పాదాలను చీలమండల దాకా మింగేసింది. ఒళ్ళు తూలి చేయి చీలను వదిలేసింది. మళ్ళీ అందుకోబోతే బెత్తెడు దూరం తక్కువైంది. కాళ్ళు గుంజాడు. కొండను గుంజినట్టుంది.

"ఎందుకురా?" అన్నాడు మాచన.

హేమకేతుడు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. కోటలో మాట్లాడే తీరు పోయి గొంతులో తొలుపరుల యాస దిగింది. "నిన్న దారిలోంచే కబురెట్టి వర్తకులు మాట మార్చారన్నా. సగం నీళ్ళు అద్దకానికి సరిపోతే కొలుములకు చాలవంట. మొత్తం నీరు పేటకే అని, ఇంకెవరికీ దానిమీద హక్కు లేదని తేల్చకపోతే ఈ పొద్దే బళ్ళు మకరపురికి తిప్పుతామన్నారు. అక్కడ రాజు రెండు నదులు చూపిస్తున్నాడు. బాట ఉంది, దీపాలున్నాయి, ఊరు కట్టి ఉంది. నీళ్ళ దగ్గర ఆగిపోతే మా నాయిన బతకడు. దేశంకూడా బతకదు."

"నన్ను అడక్కపోయావా?"

"అడిగితే ఇచ్చేవాడివా?"

మాచన అబద్ధం ఆడలేకపోయాడు. "ఇచ్చేవాణ్ణి కాదు. రెండేళ్ళు ఆగమని, ఇంకో సొరంగం తొలిచి ఇచ్చేవాణ్ణి."

"వాళ్ళు రెండు రోజులు ఆగరు. అందుకే అడగలేదు. ఎదురునీళ్ళలో మేస్త్రి పోతే ఒప్పందం చెల్లదు. ఆ కట్టడి మీదే, నేను పెట్టింది కాదు." హేమకేతుడు కళ్ళు దించుకున్నాడు. "నువ్వు బతికావు. ఇప్పుడు నువ్వే వదులుకోవాల."

ఒక తెల్లటి పట్టుగుడ్డ తెచ్చి మాచన ముందు పరిచాడు. మెరకసీమ ఏడూళ్ళు సారంగి నీటిమీద హక్కు వదులుకున్నట్టు అందులో రాసి ఉంది. కింద ఖాళీ. తొలుపరులు సంతకం చేయరు, జేగురు అద్దిన కుడి అరచేయి వేస్తారు. జేగురు గిన్నె సిద్ధంగానే ఉంది.

"వెయ్యను. చంపుకో" అన్నాడు మాచన.

హేమకేతుడు చక్రం దగ్గరికి వెళ్ళి ఒక్క చుట్టు తిప్పాడు. కింద నీరు బుస్సుమంది. "సొరంగంలో రెండువందల మంది ఉన్నారు. ఇరుక్కున్నది నువ్వని తెలిశాక అందరికన్నా ముందు దిగేది మా వదినే. ఇప్పటికి మూడో బావి దాటి ఉంటుంది."

"ఆమె చేతి కూడు తిన్నావురా నువ్వు."

"తిన్నాను." ఇంకో చుట్టు తిప్పాడు. "నీడ కాళ్ళకిందికి వచ్చింది. చెప్పన్నా."

నీటి రొద పెరిగింది. ఆ రొదలో ఎక్కడో దూరంగా ఉలిదెబ్బలు. వస్తున్నాం, వస్తున్నాం. మాచన పళ్ళు పటపటా కొరికాడు. మెరకసీమలో ఏడూళ్ళు కళ్ళముందు తిరిగాయి. దొన దగ్గర అడుగున ఉన్న బురదనీళ్ళకోసం తగువులాడుకునే ఆడవాళ్ళు, నాలుక బయటపెట్టిన దూడలు, నాలుగేళ్ళుగా ఈ సొరంగంలో కూలి లేకుండా చేతులు కోసుకున్న మగవాళ్ళు. వాళ్ళే ఇప్పుడు తనకోసం లోపల ఉన్నారు. నీళ్ళు వదులుకోకపోతే మనుషులు పోతారు. మనుషులు పోయాక ఆ నీళ్ళు తాగేదెవరు?

"మూసెయ్" అన్నాడు. "మూసి, క్షేమమని కొట్టు. నువ్వు కొట్టకు. ఉలి నాకియ్యి. నీ దెబ్బ మావాళ్ళు వినకూడదు."

హేమకేతుడు చక్రం వెనక్కి తిప్పాడు. ఉలి చేతికిచ్చాడు. మాచన ముందుగా పక్కనున్న గోడమీద క్షేమమని రెండు దెబ్బలు కొట్టాడు, కాసేపు ఆగి మళ్ళీ రెండు, మళ్ళీ రెండు, లోపలి గోల సద్దుమణిగి జవాబు వచ్చేదాకా. తర్వాత అరచేతికి జేగురు అద్దుకుని పట్టుగుడ్డమీద వేశాడు. నాలుగేళ్ళ ఏడూళ్ళ కష్టం ఆ గుడ్డమీద ఎర్రగా అంటుకుంది.

హేమకేతుడు దాన్ని మడిచి పట్టుకుని, "నన్ను తిట్టన్నా, ఒక్క మాటైనా తిట్టు" అన్నాడు.

మాచన ముఖం తిప్పుకున్నాడు. యువరాజు చక్రం దగ్గర ఇద్దరు భటుల్ని పెట్టి, "జనం బయటపడ్డారని కొమ్ము ఊదగానే పూర్తిగా ఎత్తండి" అని ఆజ్ఞాపించి గుర్రమెక్కాడు. ఉల్కాముఖుడు చెంబు చంకన పెట్టుకుని వెనకే నడిచాడు. మాచన పాదాలను రాతిలోంచి విడిపించాలన్న సంగతి ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు, లేదా గుర్తొచ్చినా ఊరుకున్నారు.

ఆ పిలుపుకి ముందుకొచ్చి, వెలుతురు కనపడ్డ రెండో ఊపిరిబావిలోంచి తొలుపరులు ఒకరి వెనక ఒకరు శిఖరం మీదకు ఎక్కారు. దెబ్బ తూముగది నుంచి వచ్చిందని పోల్చుకుని అటు పరుగెత్తుకొచ్చినవాళ్ళలో కామసాని అందరికన్నా ముందుంది. చీర మోకాళ్ళ దాకా బురద, చేతిలో ఆరిపోయిన కాగడా. చీకట్లో గోడ తడుముకుంటూ వచ్చిన చేతులు రక్తాలు కారుతున్నాయి. గుమ్మంలోంచి, లోపల మాచన నిలబడి ఉండటం చూసి ఆమె అక్కడే స్తంభానికి ఆనుకుని ఊపిరి పీల్చుకుంది.

"చచ్చిపోయావనుకున్నా మావా" అంది. తర్వాత అతని అరచేయి చూసింది. "చెయ్యి తెగిందా?"

"లేదు" అన్నాడు మాచన, ఆ చేతిని అంగరఖాలో దాచుకుంటూ.

కొమ్ము ఊదారు. భటులిద్దరూ చక్రాన్ని ఆ చివరిదాకా తిప్పారు. తూము పూర్తిగా లేచింది. సారంగి నది కొండ పొట్టలోకి దూకిన మోతకు తూముగది గోడలు అదిరాయి. కొండకు అవతల మైదానంలో ఏడు బిడారుల భేరీలు ఒక్కసారి మోగాయి.

కామసాని తల పక్కకు వంచి ఆ మోత విన్నది. పన్నెండేళ్ళ కాపురంలో మాచన ఆమె ముఖంలో అంత సంతోషం చూడలేదు. వెనక వస్తున్న ఆడవాళ్ళను చెయ్యి ఊపి పిలిచి, మొగుడి మోచేయి పట్టుకుని లాగింది.

"పద మావా, ఇక్కడే నిలబడ్డావేంది? నీళ్ళకన్నా ముందు మనం ఊళ్ళో ఉండాల."

మాచన కదల్లేదు. ఆమె ఇంకోసారి లాగి, ఎందుకు రావడం లేదో అర్థంకాక, అతని కాళ్ళ వైపు చూసింది.